ఎవరూ ఓడిపోని పందెం

సాయంత్రాలు మా కాలనీ పార్కులో నడిచేటప్పుడు, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు పక్కన చేరుతుంటారు. "ఆంటీ, అన్నేళ్లు పనిచేశారు కదా, మీరు చేసినవాటిలో పెద్ద పని ఏమిటి?" అని అడుగుతారు. తుర్కపల్లి మందుల కంపెనీలో ఇరవై రెండేళ్లు చేశానని వాళ్లకు తెలుసు. ఏ టీకా సంగతో, ఏ విదేశీ తనిఖీ సంగతో చెబుతానని ఎదురుచూస్తారు. నేను మాట మార్చి, వాళ్ల ఆఫీసు క్యాబు ఎన్నింటికి వస్తుందో అడుగుతాను.

నిజం చెప్పాలంటే నేను చేసిన పెద్ద పని ఒక కార్ల పందెం వీడియో గేమ్‌ను పాడుచేయడం. నిర్లక్ష్యంగా ఉండి పాడుచేసినా కొంత నయం. నేను చాలా శ్రద్ధగా, ప్రతి కాగితం మీదా సంతకం పెట్టి, తేదీ వేసి మరీ పాడుచేశాను. నడుస్తూ చెప్పేంత చిన్న కథ కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. చదివి, మీ ఉద్యోగానికి పనికొస్తుందో లేదో మీరే చూసుకోండి.

మాది తెనాలి వైపు. మా ఆయన ఉద్యోగం వల్ల మేడ్చల్ వచ్చి స్థిరపడ్డాం. మందుల కంపెనీలో నా పని మందులతో కాదు, వాటి కాగితాలతో. అక్కడ ఒక మాట ఉండేది: రాసి లేనిది జరగనట్టే. ఎవరైనా ఒక అంకె కొట్టేసి పక్కన వేరే అంకె వేస్తే, ఎందుకు కొట్టేశారో రాయాలి, కొట్టేసిందెవరో రాయాలి, అది చూసిందెవరో రాయాలి. అనుమానం వస్తే రాతలో అడగాలి. జవాబు వచ్చేదాకా పని ఆపాలి. అన్నేళ్లలో ఏ తనిఖీ అధికారీ నా ఫైలు మీద ఎర్ర గీత గీయలేదు. ఆ గర్వం నా నడకలో కూడా కనిపించేదని మా ఆయన అనేవారు.

నాకు యాభై ఏడేళ్లప్పుడు మా విభాగాన్ని వేరే రాష్ట్రానికి తరలించారు. నేను వెళ్లలేదు. రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాను. పప్పుల డబ్బాల మీద కొన్న తేదీ, మూత తీసిన తేదీ రాసి అంటించడం మొదలుపెట్టేసరికి మా ఆయన భయపడి, తెలిసినవాళ్లందరికీ చెప్పి నాకు మరో ఉద్యోగం వెతికారు.

అలా శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డు మీద, కింద టైల్స్ దుకాణం, దాని పక్కన టిఫిన్ సెంటరు ఉన్న ఒక భవనంలో మూడో అంతస్తు ఎక్కాను. అదొక వీడియో గేమ్‌లు తయారుచేసే కంపెనీ. గేమ్ అంటే నాకు అష్టాచెమ్మా, క్యారమ్స్. అంతకుమించి తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

యజమాని ఆ చుట్టుపక్కల భూములున్న కుటుంబంవాడు. మేడ్చల్, కీసర వైపు వెంచర్లు వేసి ప్లాట్లు అమ్మేవాడు. మండల రాజకీయాల్లో ఒక కాలు ఉండేది. అలాంటివాడికి గేమ్ ఎందుకంటే, ఆయన ఎక్కడో ఒక విదేశీ గేమ్‌లో సముద్రం పక్క రోడ్డు మీద కార్లు పోతుంటే చూశాడట. వాళ్ల రోడ్డు మన పిల్లలు చూస్తున్నారు, మన రోడ్డు వాళ్లెందుకు చూడకూడదు అనిపించిందట. మేడ్చల్ నుంచి శామీర్‌పేట చెరువు దాకా, ఉన్న రోడ్డును ఉన్నట్టు గీసి, దాని మీద నిజం కార్లతో పందెం. అదీ ఆయన కల. రోడ్డు పక్కన ఆయన వెంచర్ హోర్డింగు కూడా కనిపిస్తుంది. అది చాలా చిన్న విషయమని చెప్పేవాడు.

నిజం కార్లను ఆటలో చూపించాలంటే ఆ కార్ల కంపెనీలు లైసెన్సు ఇవ్వాలి. మూడు కంపెనీలు ఇచ్చాయి. ఒకటి చిన్న కార్లు చేసేది, ఒకటి జీపులు చేసేది, మూడోది విదేశీ కంపెనీ. లైసెన్సుతో పాటు ఒక్కొక్కటి ఒక్కో లావుపాటి అగ్రిమెంటు పంపింది. ఆఫీసులో ఎవరూ వాటిని తెరవలేదు. అనుమతుల సంగతి చూడటానికి ఒక బాధ్యత గల మనిషిని పెట్టి తీరాలని విదేశీ కంపెనీ పట్టుబట్టడంతో నా అవసరం పడింది.

యజమాని ఆ మూడు అగ్రిమెంట్లూ నా ముందుకు తోశాడు.

"గివి సదువుతరా మేడం?"

"చదువుతానండి."

"మొత్తమా?"

"వెనకాల అనుబంధాలతో సహా."

ఆయన కాసేపు నా ముఖం వైపు చూశాడు. "ఇయ్యాల్నే జాయినైపోండ్రి" అన్నాడు.

ఆఫీసులో ఇరవై మందికి పైగా కుర్రవాళ్లు, అమ్మాయిలు ఉండేవాళ్లు. వాళ్లందరికీ పెద్ద ఒక కీసర అబ్బాయి. అబ్బాయి అంటున్నాను కానీ ముప్పై రెండేళ్లవాడు, పెళ్లయినవాడు, ఒక కూతురు. వాణ్ని లీడ్ అనేవాళ్లు. నేను చేరేటప్పటికే మూడేళ్లుగా ఆ ఆట మీద కూర్చున్నాడు. నెమ్మదస్తుడు. కోపం వస్తే కిందికి వెళ్లి ఇడ్లీ తిని వచ్చేవాడు. ఎంత కోపం వస్తే అన్ని ప్లేట్లు. నాకు స్క్రీన్ల వెలుతురు కళ్లకు పడదని చెప్పి, అందరికీ వీపు పెట్టి, గోడ వైపు బల్ల వేయించుకున్నాను. ఆ బల్ల వాడే మోసుకొచ్చి వేశాడు.

మొదటివారమంతా చదివాను. జీపుల కంపెనీ అగ్రిమెంటులో ఒక షరతు: "వాహనానికి నష్టం వాటిల్లినట్టు చూపరాదు." లీడ్‌ని పిలిచి అడిగాను, ఆటలో నష్టం జరుగుతుందా అని.

"పెద్దగేం లేదు మేడం. రాసుకుంటే గీతలు పడ్తయ్. గంతే."

"గీత పడితే నష్టం కాదా?"

"గీత... గీతనే మేడం."

నాకు తృప్తి కలగలేదు. కంపెనీకి ఉత్తరం రాశాను: గీతను నష్టంగా పరిగణించాలా, వద్దా, దయచేసి స్పష్టం చేయగలరు. పది రోజుల్లో జవాబు వచ్చింది. పరిగణించాలి. గీతలు తీసేశారు.

ఇక్కడే మీరు ఒక సంగతి పట్టుకోవాలి. నాకు అది పట్టుకోవడానికి మూడేళ్లు పట్టింది. అటువైపు ఆ కంపెనీల్లో కూర్చున్నవాళ్లు కూడా నాలాంటి ఉద్యోగులే. మనం అడగనంత కాలం వాళ్లు ఆ షరతు ఉందన్న సంగతే మరిచిపోయి హాయిగా ఉంటారు. రాతలో అడిగామా, రాతలో జవాబివ్వాలి. రాతలో "పరవాలేదు" అని రాస్తే రేపు ఏమైనా అయితే అది వాళ్ల మెడకు చుట్టుకుంటుంది. "వద్దు" అని రాస్తే ఎవరికీ ఏమీ కాదు. కాబట్టి "వద్దు" అని రాస్తారు.

నేను అడుగుతూ పోయాను. దుమ్ము పడవచ్చా? టైర్ల మీద పడవచ్చు, బాడీ మీద పడరాదు. వాన పడితే కారు తడవవచ్చా? తడవవచ్చు, అయితే ఆకర్షణీయంగా తడవాలి. ఆకర్షణీయంగా అంటే ఏమిటి? జతచేసిన ఫోటో చూడగలరు. కార్లు ఒకదాన్నొకటి తాకవచ్చా? తాకరాదు. దాంతో ఒక కారు దగ్గరికి రాగానే పక్క కారు దానంతటదే తప్పుకునేలా చేశారు. పెళ్లి భోజనాల దగ్గర వియ్యంకులు "ముందు మీరు కానివ్వండి" అనుకున్నట్టు, పందెంలో కార్లు ఒకదానికొకటి దారి ఇచ్చుకునేవి.

డ్రైవరు సీటు బెల్టు పెట్టుకున్నట్టు కనిపించాలని విదేశీ కంపెనీ రాసింది. కనిపించడం అంటే పెట్టుకుంటూ ఉండగానా, పెట్టుకున్న తర్వాతనా అని అడిగాను. రెండూ అన్నారు. పందెం మొదలయ్యే ముందు డ్రైవరు బెల్టు లాక్కుని, సర్దుకుని, క్లిప్పు పెట్టుకునే పదకొండు సెకన్ల దృశ్యం చేరింది. దాన్ని దాటేసే వీలు ఉండకూడదట. అదీ నేను అడిగితేనే చెప్పారు.

మేడ్చల్ అమ్మాయి ఒకతి జంతువుల బొమ్మలు చేసేది. రోడ్డు మీద బర్రెల మందను చేసింది. వాటిని చూడటానికి కింద టైల్స్ దుకాణంవాళ్లు కూడా పైకి వచ్చేవాళ్లట. "జంతువులకు హాని కలిగే అవకాశం" అని ఒకచోట ఉంది కాబట్టి, బర్రెకూ కారుకూ మధ్య ఎంత దూరం ఉంటే అవకాశం లేనట్టు అని అడిగాను. ముప్పై మీటర్లు అని వచ్చింది. దాంతో కారు వస్తోందంటే బర్రెలు ముప్పై మీటర్ల ముందే లేచి పొలాల్లోకి పరుగు తీసేవి. అది చూసి యజమాని చాలా బాధపడ్డాడు.

"మా బర్లు ఏనాడన్న గట్ల ఉరికినయా మేడం? లారీ హారన్ కొట్టినా కదలయి. నవ్వుతరు జనం."

ఇతర కంపెనీల ప్రకటనలు కారు పక్కన ఉండరాదన్న షరతు కింద ఆయన హోర్డింగు కూడా ఆ బర్రెల వెనక్కి పోయింది. ఆ రోజు ఆయన మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి నా వైపు చూశాడు.

జీపుల కంపెనీ వాహనాలు ప్రభుత్వ రోడ్ల మీద చట్టాన్ని ఉల్లంఘించినట్టు చూపరాదు. ఆటలో ఉన్నది నిజం రోడ్డు. చెరువు కట్ట దగ్గర వేగం నలభై దాటొద్దని ఒక బోర్డు కూడా ఉన్నది ఉన్నట్టు గీశారు. నేను అడిగాను. చెరువు దగ్గర జీపు నలభైలో పోవాల్సి వచ్చింది. జీపు ఒక్కటే నెమ్మదిగా పోతే మిగతా కార్ల కంటే తక్కువగా కనిపిస్తుందని జీపులవాళ్లే మళ్లీ రాశారు. మూడూ నలభైలో పోవాల్సి వచ్చింది.

"మేడం," అన్నాడు లీడ్ ఒకరోజు నా బల్ల పక్కన నిలబడి, "అడగకుంటే అయిపోవు గదా."

"అనుమానం వచ్చాక అడగకుండా ఎలా ఉంటాను బాబూ?"

"మీకు అనుమానం రాకుండ మేమేమన్న జెయ్యగలమా?"

వాడు నిజంగానే అడిగాడు. ఎగతాళి లేదు. నేను నవ్వి, పని చూసుకోమన్నాను. వాడు కిందికి వెళ్లాడు. రెండు ప్లేట్లు తిన్నాడని తర్వాత బర్రెల అమ్మాయి చెప్పింది.

ఇక చివరి షరతు. చిన్న కార్ల కంపెనీ అగ్రిమెంటులో: "మా వాహనాన్ని పోటీదారుల వాహనాల కంటే తక్కువదిగా చూపరాదు." ఇది చదివినప్పుడు నాకు వచ్చిన అనుమానం మీకూ వచ్చే ఉంటుంది. ఓడిపోతే తక్కువైనట్టేనా? ఆ సంగతి లీడ్‌తో అన్నాను. వాడు నా బల్ల మీదికి వంగాడు.

"మేడం, మీరు ఇప్పటిదాంక అడిగినయన్ని జేసిన. గిది మాత్రం అడగకుండ్రి. కాళ్లు మొక్కుత."

"రేపు వాళ్లే పట్టుకుంటే?"

"పట్టుకున్నప్పుడు జూద్దాం. పందెం అన్నంక ఒగలు గెలుస్తరు, ఒగలు ఓడుతరు. గదేం దాపరికమా మేడం? వాళ్లకు తెల్వదా?"

వాడి మాటలో న్యాయం ఉందని నాకూ తెలుసు. ఆ రాత్రి సరిగా తినలేదు కూడా. కానీ ఇరవై రెండేళ్ల అలవాటు. తెల్లారి ఆఫీసుకి వెళ్లి, ఫ్యాను వేసుకుని, ఉత్తరం రాశాను. మిగతా రెండు కంపెనీలకూ నకళ్లు పంపాను, లేకపోతే వాళ్లకు తెలియకుండా చేసినట్టవుతుందని.

ముగ్గురి జవాబూ ఒకటే. మా కారు ఓడరాదు. మిగతా ఇద్దరూ ఆ షరతును తమ అగ్రిమెంట్లలో కూడా చేర్పించారు, ముగ్గురికీ పద్నాలుగో పేజీలోనే.

లీడ్ రెండు రోజులు కింద టిఫిన్ సెంటర్లోనే గడిపాడు. మూడో రోజు వచ్చి చేశాడు. గమ్యం దగ్గర పడగానే ముందున్న కారు మెల్లబడుతుంది, వెనకున్నది వేగం అందుకుంటుంది. మూడు కార్లూ పక్కపక్కన, ఒకే క్షణంలో గీత దాటుతాయి. తెర మీద "అందరికీ అభినందనలు" అని వస్తుంది. ఆ మూడు జవాబులూ ఫైలు చేసి, వరుస సంఖ్య వేశాను. ఇంత ఇరకాటంలో ఉన్న పనిని కూడా ఎవరికీ నొప్పి లేకుండా గట్టెక్కించానని నాకు సంతోషంగానే ఉండింది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆటను విడుదల చేసే ముందు మూడు కంపెనీల ప్రతినిధులూ కళ్లారా చూసి సంతకాలు చేయాలి. యజమాని మేడ్చల్‌లో తన ఫంక్షన్ హాల్లో ఉదయం పదకొండింటికి ఏర్పాటు చేశాడు. వేదిక మీద పెద్ద తెర. కింద ఊరి పెద్దలు, ఆయన బంధువులు, ప్లాట్లు కొన్నవాళ్లు. వెనక వంటల వాసన. ముందు వరసలో మధ్య కుర్చీలో యజమాని తండ్రి. ఎనభై దాటినాయన, తెల్ల ధోవతి, చేతిలో కర్ర. యజమాని ఆయన్ని బాపు అనేవాడు, మేమందరం పెద్దాయన అనేవాళ్లం. ప్రతినిధులు ముగ్గురూ ముందు వరసలోనే, ఒళ్లో ఫైళ్లు పెట్టుకుని కూర్చున్నారు. నా ఫైలు వాళ్ల మూడింటికంటే లావుగా ఉండింది.

జీపును యజమాని నడిపాడు. చిన్న కారును ఆయన బావమరిది, విదేశీ కారును లీడ్. ముగ్గురూ చేతుల్లో మీటలున్న పెట్టెల్లాంటివి పట్టుకున్నారు. తెర మీద ముగ్గురు డ్రైవర్లు సీటు బెల్టులు పెట్టుకున్నారు. పదకొండు సెకన్లు. హాల్లో ఎవరో దగ్గారు. కార్లు కదిలాయి. బర్రెలు పొలాల్లోకి పరుగెత్తాయి. కార్లు దగ్గరికొచ్చినప్పుడల్లా మర్యాదగా పక్కకు జరిగాయి. చెరువు దగ్గర నలభైకి దిగాయి. హాలంతా సంతాప సభలా ఉంది.

"గిదేంది బిడ్డా," అని పెద్దాయన నా వైపు వంగాడు, "పందెమా, మొక్కు తీర్చుకునుడా?"

నేను జవాబు చెప్పేలోపు వెనక నుంచి ఒక ఆటో వచ్చింది.

తెర మీదే. రోడ్డు ఖాళీగా ఉంటే బాగుండదని మొదట్లో ఎప్పుడో వాహనాలు పెట్టారట. నా ఉత్తరాలు దానిదాకా పోలేదు, ఎందుకంటే దానికి లైసెన్సు లేదు, అగ్రిమెంటు లేదు, ఏ కంపెనీ బొమ్మా దాని మీద లేదు. చెరువు కట్ట మీద నలభైలో బారుగా పోతున్న మూడు కార్లను, వెనక ఇద్దరు వేలాడుతుండగా, ఒక పక్కకు వాలి, హారన్ కొట్టుకుంటూ ఆ ఆటో దాటేసింది. కొంచెం దుమ్ము కూడా లేపింది. నేరుగా వెళ్లి గీత దాటింది.

హాలు పైకప్పు లేచిపోయింది. ఈలలు. వంటవాళ్లు గరిటెలతో బయటికి వచ్చారు. పెద్దాయన కర్రతో నేల మీద కొట్టి, "గా ఆటోకియ్యిండ్రి బహుమానం" అన్నాడు. ఆ తర్వాత మూడు కార్లూ పక్కపక్కన గీత దాటడం, అందరికీ అభినందనలు రావడం ఎవరూ చూడలేదు.

ప్రతినిధులు ముగ్గురూ ఫైళ్లు తెరిచారు. విదేశీ కంపెనీ తరఫున వచ్చిన ఆవిడ లేచి, తమ వాహనాన్ని వేరే వాహనం ఓడించినట్టు చూపారు కాబట్టి సంతకం చేయడం కుదరదంది. మిగతా ఇద్దరూ ఆమె వైపు చూసి తలలూపారు.  నేను లేచాను.

"పద్నాలుగో పేజీ చూడండి. పోటీదారుల వాహనాలు అని ఉంది. మీరు ఆటోలు తయారుచేస్తారా?"

"లేదు."

"అయితే ఆటో మీకు పోటీదారు కాదు. పైగా అది పందెంలో పేరివ్వలేదు. దాని పని మీద అది పోతోంది."

ముగ్గురూ పద్నాలుగో పేజీ చదివారు. మళ్లీ చదివారు. సంతకాలు చేశారు. యజమాని నాకు రెండు చేతులూ జోడించాడు. నా ఉద్యోగ జీవితంలో అంత పెద్ద గెలుపు మరొకటి లేదని ఆ క్షణం అనుకున్నాను.

భోజనాల దగ్గర లీడ్ నా పక్కన కూర్చున్నాడు. చాలా నెలల తర్వాత వాడి ముఖంలో కాస్త వెలుగు ఉంది.

"మేడం, గా ఆటోను ఆడేటోళ్లకు ఇద్దాం. వాళ్లే నడుపుతరు. కార్లు ఎట్లున్నా ఆటో కోసమన్న ఆడ్తరు. రెండు రోజుల పని. దానికి ఏ కాగితం లేదు గదా."

"ఆలోచన బాగుంది బాబూ," అన్నాను. "ఒక్కసారి కంపెనీలకు రాసి అడుగుతాను."

వాడు చేతిలో ముద్ద ఆకులో పెట్టేశాడు. నేను గమనించాను. ఉప్పు ఎక్కువైందేమో అనుకున్నాను.

జవాబులు ఈసారి ఐదు రోజుల్లోనే వచ్చాయి. ఆటోను ఆడేవారికి ఇవ్వరాదు. ఆ మాటకొస్తే, మీరు గుర్తుచేశారు కాబట్టి, ఆటోను పూర్తిగా తొలగించగలరు.

ఆటో లేకుండా ఆట విడుదలైంది. ఆడినవాళ్లంతా ఇంటర్నెట్‌లో తిట్టారు. కార్లు మాత్రం అచ్చు కార్లలాగే ఉన్నాయని ఒప్పుకున్నారు. ఒకడు "ఇది పందెం కాదు, బరాత్" అని రాశాడు. ఒకడు తన తాత ఇంతకంటే స్పీడుగా నడుపుతాడని రాశాడు. ఒక తల్లి మాత్రం, మా వాడు ఇది ఆడుతూ పావుగంటలో నిద్రపోతున్నాడు, చాలా కృతజ్ఞతలు అని రాసింది. ఆ ఒక్కదాన్నీ నేను ప్రింటు తీసి ఫైలులో పెట్టాను.

యజమాని నన్ను ఒక్క మాట అనలేదు. "మీ ఫైలు మస్తున్నది మేడం, తప్పు పట్టనీకి లేదు" అన్నాడు. ఆయన మెల్లమెల్లగా మళ్లీ ప్లాట్ల వైపు వెళ్లిపోయాడు. పిల్లలు ఒక్కొక్కరే వేరే కంపెనీలు చూసుకున్నారు. బర్రెల అమ్మాయి బెంగళూరు వెళ్లింది. చివరికి ఆఫీసులో నేను, లీడ్ మిగిలాం. వాడు ఎందుకు ఉండిపోయాడో అప్పుడు నాకు అర్థం కాలేదు.

లైసెన్సుల గడువు అయిపోవడంతో ఆటను అమ్మకం నుంచి తీసేశారు. ఆఖరి షరతు ఒకటి మిగిలింది. విడుదలైన ఆట ప్రతులన్నిటినీ మా కంప్యూటర్లలోంచి చెరిపేసి, చెరిపేశామని నేను సంతకం చేసి పంపాలి. అదే నా ఉద్యోగంలో ఆఖరి పని. ఆ నెలాఖరుకి నాకు అరవై నిండుతాయి.

ఉదయం పదింటికి మొదలుపెట్టాం. వాడు ఒక్కో కంప్యూటరు తెరిచి చెరపడం, నేను పక్కన నిలబడి నంబరు రాసుకోవడం. కింద టిఫిన్ సెంటర్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. పన్నెండు దాటాక వాడి కంప్యూటరు దగ్గరికి వచ్చాం. అందులో రెండు ఉన్నాయి. ఒకటి విడుదలైన ఆట. రెండోదాని పక్కన నేను ఉద్యోగంలో చేరడానికి ముందు రోజు తేదీ ఉంది.

"ఇదేమిటి?"

"పాతది మేడం. ఉత్తరాలు రాకముందుది."

మొదటిదాన్ని చెరిపాడు. రెండోదాని దగ్గర ఆగాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో ఇప్పటికీ చెప్పలేను. కాళ్లు నొప్పి పుట్టి కావచ్చు.

"ఎలా ఉంటుందో చూపించు" అన్నాను.

వాడు మీటల పెట్టె నా చేతిలో పెట్టి, ఏ వేలు ఎక్కడో చూపించాడు. నేను జీపు తీసుకున్నాను. బెల్టు దృశ్యం లేదు. జెండా ఊపగానే మిగతా రెండు కార్లూ దుమ్ము లేపుకుంటూ పోయాయి, ఆ దుమ్మంతా నా అద్దం మీద పడింది. ఎదురుగా బర్రెలు. హారన్ కొట్టాను. ఒకటి తల తిప్పి చూసి మళ్లీ నెమరు వేసుకుంది. దాన్ని తప్పించబోయి గోడకు రాసుకున్నాను, ఆ పక్కంతా గీతలు. హోర్డింగు కింద నుంచి పోయాను. వాన మొదలైంది. రోడ్డు జారుతోంది. చెరువు మలుపులో విదేశీ కారు నన్ను ఒక్క గుద్దు గుద్దింది. నేను కోపం పట్టలేక వెంటబడి దాన్ని తిరిగి గుద్దబోయి, గురి తప్పి, జీపుతో సహా చెరువులో పడ్డాను. జీపు నీళ్లలోంచి బయటికొచ్చింది, బానెట్ మీద గుర్రపుడెక్క వేలాడుతోంది. నేను గట్టిగా నవ్వుతున్నానని వాడు నా వైపు చూసేదాకా నాకు తెలియలేదు.

ఆఖరున వచ్చాను. తెర మీద "ఓడిపోయారు" అని పడింది.  చీర కొంగు ఎప్పుడో జారిపోయింది.

ఎంత బాగుందో చెప్పలేను. ఆ గది నిండా అంత బాగున్నదాన్ని మూడేళ్లు వీపు వెనక పెట్టుకుని, గోడ వైపు తిరిగి ఉత్తరాలు రాశాను. 

"ముందే ఒకసారి చూపించాల్సింది బాబూ" అన్నాను.

వాడు నా చేతిలోని మీటల పెట్టె తీసుకుని బల్ల మీద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"రోజు అనుకునేటోణ్ని మేడం. ఇయ్యాల అడుగుతరేమో, ఇయ్యాల అడుగుతరేమో అని. మీరు అందరిని అన్ని అడిగిండ్రు. మమ్మల్ని ఒక్కసారి గూడ అడగలే."

కింద ఎవరో ఉప్మా అయిపోయిందని అరిచారు. వాడు మౌస్ మీద చెయ్యి పెట్టాడు.

"గిది గూడ చెరపాల్నా మేడం? కాగితంల విడుదలైన ఆట అని ఉన్నది. గిది విడుదల కాలే. వాళ్లకు రాసి అడుగుతరా?"

నేను సర్టిఫికెట్ తీసుకుని, ఒక్కో అక్షరం చదివాను. విడుదలైన ఆట ప్రతులన్నీ చెరిపివేయబడినవి. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. సంతకం చేసి, తేదీ వేసి, కవరులో పెట్టి అంటించాను.

"అడగను" అన్నాను. "మళ్లీ మొదలుపెట్టు."